గింజలు వేసినవాళ్ళ పుట

నమోదు 1. ఒప్పందం ముగియడానికి ఇంకా 64 రోజులు. పోటు రోజు.

నీళ్ళు ఇవాళ మూడో మెట్టు దాకా వచ్చాయి. పున్నమికీ అమావాస్యకీ సముద్రం మా వీధిలోకొచ్చి పలకరించిపోవడం నరసాపురానికి అలవాటే గానీ, ఈసారి చెప్పాపెట్టకుండా ఒకరోజు ముందే వచ్చింది. నేనూ అలేఖ్యా కలిసి నాలుగు యంత్రాలనీ అటకెక్కించాం. మొహిద్దీన్ మాస్టారు కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని, "అమ్మాయ్, ఎడంపక్క కాస్త ఎత్తు. ఆఁ, ఇంకాస్త" అని సలహాలిచ్చారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని యంత్రం ఎత్తమనలేం. సలహాలు ఆపమని మాత్రం అనొచ్చు, అన్నాను. ఆపలేదు.

ఈ ఆరు నెలలూ దినచర్య పుస్తకం రాసే వంతు నాది. పేరు పెచ్చెట్టి సువర్చల, వయసు యాభై ఒకటి, పని పిచ్చుకని బతికించడం. పిచ్చుక అంటే మా బ్రౌజర్. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిచిన ఈ మేడలో మాస్టారు ఇరవై రెండేళ్ళ కిందట మొదలుపెట్టారు. నేను చేరి పంతొమ్మిదేళ్ళు. అలేఖ్య చేరి నాలుగేళ్ళే అయినా, కోడ్‌లో ఎక్కడ ఏం చెడిందో నాకంటే ముందు తనకే తెలుస్తుంది. ఉన్నది మేం ముగ్గురమే.

మధ్యాహ్నం సోలార్ పలకలు తుడవడానికొచ్చిన పిల్ల తెర వైపు చూసి, "ఇదేం చేత్తదండీ?" అని అడిగింది. పుటలు చూపిస్తుందన్నాను.

"పుటలంటే?"

"మనుషులు రాసిపెట్టినవి. పేరుతో సహా."

"ఏం కావాలన్నా పెద్దగొంతు చెప్పేత్తది గదండీ."

పెద్దగొంతు అసలు పేరు బృహద్వాణి. వంటింట్లోనూ, పడవలోనూ, పొలంలోనూ ఏదడిగినా చెబుతుంది. ఎవరి దగ్గర నేర్చుకుని చెబుతోందో మాత్రం చెప్పదు. ఆ పిల్లకి పిచ్చుకలో ఒక పుట తెరిచి చూపించాను. మొగల్తూరులో ఒకాయన ఉప్పునీళ్ళకి తట్టుకునే వంగమొక్కల గురించి రాసుకున్నది. చివర ఆయన పేరు చూసి, "ఈయన నిజంగా ఉన్నాడాండీ?" అంది. ఉన్నాడు, కావాలంటే ఫోన్ చేసి మాట్లాడొచ్చు అన్నాను. పలకలు తుడవడం మానేసి అరగంట చదివింది. జీతం కోసే మనిషిని కాదు గనక బతికిపోయింది.

నమోదు 2. 61 రోజులు. కొత్త వెర్షన్ రోజు.

మా దగ్గర కొత్త వెర్షన్ వదలడమంటే బటన్ నొక్కడం కాదు. ముందు పేర్లు చదవాలి. ఎవరు ఏ తప్పు పట్టిచ్చారు, ఎవరు ఏ మాట సరిచేశారు, వాళ్ళ పేరు, ఊరు, చేసిన మేలు, అన్నీ గొంతెత్తి చదివి రికార్డు చేస్తాం. ఆఖరి పేరు అయ్యేదాకా బటన్ ముట్టుకోకూడదు. మాస్టారు పెట్టిన ఆచారం ఇది. చదివిన పేర్లు బ్రౌజర్‌లోనే 'గింజలు వేసినవాళ్ళు' అనే పుటలోకి చేరతాయి. పిచ్చుక కదా, ఎవరో ఒకరు గింజలు వేస్తేనే బతుకుతుంది. ఇప్పటికి తొమ్మిదివేల చిల్లర పేర్లున్నాయి. సొంత పుట ఉన్నవాళ్ళకి పేరు కిందే ఆ పుట నకలు కూడా ఉంటుంది, ఏ పోటుకీ కొట్టుకుపోకుండా. ఆ నకళ్ళ ఆలోచన నాది. గొప్పలు చెప్పుకోకూడదు గానీ, ఈ ఒక్కటీ చెప్పుకుంటాను.

నేను చదివితే గంటలో అయిపోతుంది. మాస్టారు చదివితే పూట పడుతుంది. మేలు చేసినవాళ్ళ గురించి టూకీగా చెప్పడం ఆయనకి చేతకాదు. పదకొండేళ్ళ కిందట ఒక లేసు అల్లిక పుటలో వరస విరిగిపోతోందని ఎవరో చెబితే, ఆ వరస మొత్తం కుట్టు కుట్టుగా చదివి వినిపించారు. నేను నిద్రపోయాను. రికార్డులో నా గురక కూడా ఉంది, అలేఖ్య దాన్ని వారానికోసారి వేసి వినిపిస్తుంది.

ఆఖరి పేరు ఎప్పుడూ ఒకటే. బృహద్వాణి. పన్నెండేళ్ళుగా మా ఖర్చులో నూటికి ఎనభై పాళ్ళు వాళ్ళే ఇస్తున్నారు. పిచ్చుక నెత్తిన వాళ్ళ ప్రశ్నపెట్టె ఉంచినందుకని ఒప్పందం కాగితంలో రాసుంటుంది. అసలు సంగతి వేరు. "దేశంలో బ్రౌజర్లన్నీ మీ చేతిలోనే పెట్టుకున్నారా?" అని ప్రభుత్వం గద్దించినప్పుడల్లా వాళ్ళు మావైపు వేలు చూపిస్తారు. మేం బతికుండటం వాళ్ళకి అవసరం, బలిసి ఉండటం కాదు. ఆ సంగతి తెలిసే తీసుకుంటున్నాం.

అలాగని మేలు మేలు కాకుండా పోదు. ఆ డబ్బుతోనే అలేఖ్య వాళ్ళమ్మ గుండె ఆపరేషన్ అయింది, ఆ డబ్బుతోనే నా కూతురి చదువయింది. నచ్చినవాళ్ళకి మాత్రమే దండం పెడితే అది లెక్కలోకి రాదని మాస్టారి పట్టు. చదివాను, మనస్ఫూర్తిగానే చదివాను. ఈసారి ఒప్పందం మళ్ళీ రాస్తారో లేదో తెలీదు.

నమోదు 3. 55 రోజులు.

కడలి ఎస్తేరమ్మగారు పడవ దిగి వచ్చారు. పోయినేడు పిచ్చుకలో ముద్రణ సరిగ్గా రావడం లేదని పట్టిచ్చిన మనిషి, మా పుటలో నాలుగుసార్లు పేరున్న మనిషి. వస్తూ డబ్బా నిండా చేగోడీలు తెచ్చారు. సీతారామపురంలో నలభై ఇళ్ళ ఆడవాళ్ళు ఈవిడ లేసు అల్లికల మీద బతుకుతున్నారు. మూడువందల పైచిలుకు అల్లికలు ఈవిడ తన పుటలో రాసిపెట్టారు. నేర్చుకుంటామని అడిగినవాళ్ళకి చూపిస్తారు, పుట గుమ్మం మీద మాత్రం 'యంత్రాలకు ప్రవేశం లేదు' అనే గుర్తు పెట్టుకున్నారు. ఆ గుర్తు కనిపిస్తే పెద్దగొంతయినా సరే బయటే ఆగిపోవాలని చట్టం.

సంచీలోంచి రెండు లేసు ముక్కలు తీసి బల్ల మీద పరిచారు.

"ఇందులో మా చేతిపని ఏదో చెప్పండమ్మా."

రెండూ గోదారి సుడి అల్లికలే. మధ్యలో నీళ్ళు తిరిగినట్టు తిరిగే గుండ్రాలు. ఎంత చూసినా తేడా తెలియలేదు. కుడివైపుది అన్నాను.

"అది పాలకొల్లు షావుకారు మగ్గం మీద నేయించింది. గోదారి సుడి ఎలా అల్లాలీ అని పెద్దగొంతునడిగేడంట. వరస వరసా గడగడా చెప్పేసిందంట. గంటకి నలభై గజాలు దిగుతుందండి. మా వాళ్ళకి నలభై గజాలంటే రెండు నెలలు." ముక్కలు రెండూ మడిచారు. "ఈ నెల ఒక్క ఆర్డరు రాలేదు సువర్చలమ్మా. వచ్చే నెల కూడా రాకపోతే నలభై ఇళ్ళూ సూదులు పక్కన పడేసి రొయ్యల చెరువులకి పోవాలి."

"గుమ్మం మీద గుర్తుందిగా పిన్నిగారూ?"

"ఉందమ్మా. ఉన్నా ఎలా దూరిందో మీరే చూసి చెప్పాలి. మీరున్నారన్న ధైర్యంతోనే వచ్చేను."

ఆవిడ వెళ్ళాక నేను పెద్దగొంతుని బండబూతులు తిట్టాను. చేగోడీలు తింటూ మరీ తిట్టాను.

నమోదు 4. 52 రోజులు.

అలేఖ్య మూడు రోజులు తవ్వింది. ఇవాళ పొద్దున నా దగ్గరికొచ్చి, "అక్కా, కాస్త కూర్చో" అంది.

"కూర్చునే ఉన్నాను కదే."

"పెద్దగొంతు ఎస్తేరమ్మగారి గుమ్మం తొక్కలేదక్కా. ఆ దరిదాపులకి కూడా పోలేదు. మన దగ్గర చదివింది. గింజలు వేసినవాళ్ళ పుటలో, ఆవిడ పేరు కింద ఉన్న నకలు."

ఎనిమిదేళ్ళ కిందటి పెద్దపోటు గుర్తొచ్చింది. అప్పుడు సీతారామపురంలో ఆవిడ యంత్రం నీటిపాలై పుట మొత్తం మాయమైంది. ఇరవై రోజులు నేనూ మాస్టారూ ఇళ్ళిళ్ళూ తిరిగి, ఆడవాళ్ళ దగ్గరున్న కాగితాలు ఏరుకొచ్చి, పుటని మళ్ళీ నిలబెట్టాం. ఇక ఎవరికీ ఇలా జరగకూడదనుకుని, మాకు మేలు చేసిన ప్రతివాళ్ళ పుటకీ నకలు తీసి పేరు కింద దాచాను. నకలు దాచాను గానీ గుమ్మం మీది గుర్తు దాచలేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు. మా పుట ఏమో అందరికీ, యంత్రాలకి కూడా, బార్లా తెరిచి ఉంటుంది. మేలు నలుగురి ముందూ చెప్పుకోవాలని మా నియమం.

"ఇలాంటివి ఇంకెన్ని?" అని అడిగాను.

"గుర్తు పెట్టుకున్నవాళ్ళవి రెండువందల పన్నెండు."

మూడు రోజులుగా దొంగ కోసం వెతుకుతున్నాను. దొంగతనం జరగనే లేదు. వాళ్ళ సొమ్ము నేనే తెచ్చి అరుగు మీద పెట్టాను. నాకు సిగ్గేసింది. సిగ్గనే మాట కూడా చాలదు.

నకళ్ళన్నీ వెంటనే మూయించాను. చెరిపెయ్యమంటే మాస్టారు వద్దన్నారు. "ఎప్పుడు ఏది ఎక్కడుందో చెప్పేవి అవొక్కటే. దాచు. పనిబడొచ్చు."

నమోదు 5. 50 రోజులు.

ఫోన్‌లో చెప్పే మాట కాదని పడవెక్కాను. ఎస్తేరమ్మగారి అరుగు మీద పది పదిహేనుమంది కూర్చుని అల్లుతున్నారు. ఆర్డర్లు లేకపోయినా చేతులు ఊరుకోవు కదా. అందరి ముందే చెప్పాను. నకలు నేను తీశాను, గుర్తు నేను పెట్టలేదు, పెద్దగొంతు అక్కడే చదివింది అని.

ఆవిడ సూది ఆగింది.

"నకలు తీసేటప్పుడు నన్నడిగేరా?"

"లేదండి."

"మంచి చేస్తన్నాం గదా, ఇంక అడిగేదేంటనుకున్నారు. అంతేనా?"

అంతే. సరిగ్గా అంతే. ఇంత పొందికగా నాకు నేను చెప్పుకోలేకపోయాను. తిట్టినా బాగుండేది.

"ఆ పెద్దగొంతూ అడగలేదు, మీరూ అడగలేదు," అన్నారావిడ. "అది పరాయిది. మీరు మావాళ్ళనుకున్నాను."

కళ్ళు తుడుచుకున్నాను. న్యాయపీఠం ముందుకొచ్చి ఇదంతా చెబుతానన్నాను. ఏలూరులో రచనల న్యాయపీఠం అని ఒకటుంది, ఎవరి రాత ఎవరిదో తేల్చేది. మగ్గం లేసు కనిపించగానే ఎస్తేరమ్మగారు అక్కడ ఫిర్యాదు పెట్టారు, ఇంకో ముప్ఫై ఎనిమిది రోజులకి విచారణ.

"చెప్పినప్పుడు చూద్దాం," అన్నారు. లేచి నిలబడ్డాక, "నా చేగోడీల డబ్బా తెచ్చేరా?" అని అడిగారు. తెచ్చాను. తీసుకుని లోపలికెళ్ళిపోయారు. పిన్నిగారి ఇంటికెళ్ళి మంచినీళ్ళయినా తాగకుండా వచ్చింది ఇదే మొదటిసారి.

నమోదు 6. 38 రోజులు. పోటు రోజు.

బృహద్వాణి నుంచి కౌస్తుభ్ అనే అబ్బాయి వచ్చాడు. ముప్ఫై దాటాయో లేదో. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, నీళ్ళలో నడిచి మరీ వచ్చాడు. యంత్రాలు ఎక్కిస్తుంటే తనూ ఒక చెయ్యి వేశాడు. రాక్షసుడు వస్తాడని ఎదురుచూస్తుంటే బుద్ధిమంతుడు రావడం నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది.

"నేను కథలు చదువుకున్నది పిచ్చుకలోనేనండీ, తాడేపల్లిగూడెంలో, చిన్నప్పుడు," అన్నాడు. అబద్ధం కాదు, అప్పటి మా పాత పిట్టబొమ్మ రంగు కూడా చెప్పాడు.

ఒప్పందం పదేళ్ళకి రాస్తారట. ఇచ్చేది రెట్టింపు. మేం చెయ్యాల్సిందల్లా ఒక్క వాక్యం మీద సంతకం. 'గింజలు వేసినవాళ్ళు అనే పుటలో ఉన్న నకళ్ళన్నీ రాసినవాళ్ళ సమ్మతితోనే అందరికీ తెరిచి పెట్టాము.'

"సమ్మతి తీసుకోలేదు బాబూ," అన్నాను.

"వాళ్ళెవరూ అభ్యంతరం కూడా చెప్పలేదు కదండీ, ఎనిమిదేళ్ళు." మెల్లిగా, మర్యాదగా చెబుతున్నాడు. "అయినా నేర్చుకోవడం తప్పెలా అవుతుందండీ? ఎస్తేరమ్మగారు మాత్రం వాళ్ళమ్మగారిని చూసి నేర్చుకోలేదా? మావాడూ చూసి నేర్చుకున్నాడు. కాస్త వేగంగా, అంతే."

నేను కాగితం తిరగేసి మళ్ళీ చదివాను. మాస్టారు మాత్రం, "టీ తాగుతావా నాయనా?" అన్నారు. తాగి వెళ్ళాడు. కాగితం బల్ల మీద ఉంది.

నమోదు 7. 30 రోజులు.

ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదు గనక రాస్తున్నాను. నాకు సంతకం పెట్టాలనిపించింది.

ఎనిమిది రోజులుగా అదే గొడవ. పిచ్చుక పోతే తొమ్మిదివేల పేర్లు పోతాయి, మనుషుల పుటలు చూపించే ఒక కిటికీ పోతుంది, ఇదంతా నలభై ఇళ్ళ కోసమా అని వాదించాను. అలేఖ్య నాతో మాట్లాడటం మానేసింది. గురక రికార్డు కూడా వెయ్యడం లేదు. అందులోనే తెలిసింది, ఎంత కోపంగా ఉందో.

మాస్టారు వాదించలేదు. "సంతకం పెట్టాక వచ్చే వెర్షన్‌కి పేర్లు చదివేది నువ్వేగా," అన్నారు. "పుటలో ఆ వాక్యం కూడా ఎక్కుతుందిగా. ఒకసారి చదివి చూడు."

ఎవరూ లేనప్పుడు చదివే గదిలోకెళ్ళాను. రికార్డు బటన్ నొక్కి, "కడలి ఎస్తేరమ్మ, సీతారామపురం," అన్నాను. "అల్లికల పుట, సమ్మతితో..." అక్కడ ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను. మూడుసార్లూ అక్కడే ఆగాను. పంతొమ్మిదేళ్ళుగా ఆ గదిలో నేను చదివినవన్నీ నిజాలే, నా నోటికి వేరే అలవాటు లేదు.

బయటికొచ్చి కాగితాన్ని కౌస్తుభ్‌కి తిప్పి పంపేశాను. కింద నా చేతిరాతతో, 'ఇన్నేళ్ళు తిండి పెట్టారు, మరిచిపోం. ఈ సంతకం మాత్రం పెట్టలేం' అని రాశాను. సాయంత్రానికి అలేఖ్య గురక వేసింది. ఆ చప్పుడు విని నాకు ఇంత సంతోషం కలుగుతుందని ఎన్నడూ అనుకోలేదు.

నమోదు 8. 12 రోజులు. ఏలూరు.

న్యాయపీఠంలో ముగ్గురు కూర్చున్నారు. బృహద్వాణి వకీలు రెండు మాటలు చెప్పాడు. ఒకటి, గోదారి సుడి తరాలుగా అందరూ అల్లుతున్నదే, ఒకరి సొత్తు కాదు. రెండు, సొత్తయినా పిచ్చుకవాళ్ళే వీధిలో పెట్టారు.

ముందు నన్ను పిలిచారు. రెండో మాట నిజమే అన్నాను. మేమే పెట్టాం, అడక్కుండా పెట్టాం, అలా పెట్టే హక్కు మాకు లేదు, లేని హక్కుని ఇంకొకరికి ఇవ్వలేం అన్నాను. వెనక ఎస్తేరమ్మగారు కూర్చున్నారని తెలుసు గానీ తిరిగి చూడలేదు.

మొదటి మాటకి అలేఖ్య రికార్డు వేసింది. పదకొండేళ్ళ కిందటిది. పెద్దగొంతు గోదారి సుడిని నేర్చుకోవడానికి చాలా ఏళ్ళ ముందుది. హాలంతా మాస్టారి గొంతు. "కడలి ఎస్తేరమ్మగారు, సీతారామపురం. వీరు కిందటేడు తామే కొత్తగా కట్టిన గోదారి సుడి అనే అల్లికలో పద్నాలుగో వరస మన పిచ్చుకలో విరిగిపోతోందని పట్టిచ్చారు. ఆ వరస ఇదీ. మూడు గొలుసులు, ఒకటి వదిలి రెండు జతలు, వెనక్కి తిరిగి ఐదు గొలుసులు..." చదువుతూనే ఉన్నారు. వెనకాల గుర్రు గుర్రుమని ఇంకో చప్పుడు.

"ఆ శబ్దమేమిటి?" అని అడిగారు పీఠంలో నడుమ కూర్చున్న పెద్దావిడ.

"నేనేనండీ," అన్నాను. "గురక."

న్యాయపీఠం నవ్వింది. తర్వాత పెద్దగొంతు పాలకొల్లు షావుకారుకి చెప్పిన పద్నాలుగో వరస చదివారు. మూడు గొలుసులు, ఒకటి వదిలి రెండు జతలు, వెనక్కి తిరిగి ఐదు గొలుసులు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అప్పుడు, కౌస్తుభ్ మా దగ్గర అన్న మాటే వకీలు ఎస్తేరమ్మగారితో అన్నాడు. మీరు మీ అమ్మగారి దగ్గర నేర్చుకోలేదా అని. ఆవిడ లేచి నిలబడ్డారు.

"నేర్చుకున్నానండి. గొలుసు మా అమ్మ సత్యవేదమ్మ దగ్గర, జతకుట్టు పొరుగింటి నాగరత్నం దగ్గర. నా పుటలో మొదటి వరస వాళ్ళ పేర్లేనండి, చూసుకోండి. నేర్చుకోవడం తప్పని నేననలేదు. ఎవరి దగ్గర నేర్చుకుందో దాన్ని కూడా చెప్పమనండి. మా ఇంటికొచ్చి, అమ్మా నేర్పించు అని అడగమనండి. పీట వేసి కూర్చోబెట్టి నేర్పుతాను."

వకీలు వెనక కూర్చున్న కౌస్తుభ్ తల వంచుకున్నాడు. తిరుగు బస్సులో ఎస్తేరమ్మగారు నాతో మాట్లాడలేదు. కానీ పక్క సీట్లోనే కూర్చున్నారు.

నమోదు 9. ఒప్పందం ముగిసిన రోజు.

తీర్పొచ్చింది. గోదారి సుడి ఎస్తేరమ్మగారిదే. ఆవిడతో సహా రెండువందల పన్నెండుమంది పుటల్లోంచి నేర్చుకున్నవాటిని బృహద్వాణి ఆపెయ్యాలి. లేదా ఒక్కొక్కరినీ అడిగి, పేరు చెప్పి, వాటా ఇచ్చి వాడుకోవాలి. పాలకొల్లు మగ్గం ఆగింది. సీతారామపురానికి రెండు ఆర్డర్లు వచ్చాయని విన్నాను. రెండే, కానీ వచ్చాయి.

మాకూ అక్షింతలు పడ్డాయి. రెండువందల పన్నెండుమందికీ స్వయంగా క్షమాపణ చెప్పి, నకళ్ళు వాళ్ళు చెప్పినట్టు చెయ్యమన్నారు. సాయంత్రం ఐదింటికి బృహద్వాణి నుంచి ఒక ముక్క వచ్చింది. ఒప్పందం పొడిగించడం లేదు.

నమోదు 10. ఒప్పందం లేని 19వ రోజు.

ఫోన్లు చేస్తున్నాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, రోజుకి పదీ పన్నెండు. కొందరు కడిగిపారేశారు. ఒకాయన మాట వినకుండానే ఫోన్ పెట్టేశాడు, మర్నాడు ఆయనే చేసి మిగతాది తిట్టాడు. రాయదుర్గంలో ఒక పెద్దాయన అంతా విని, "చూపు పోయిందమ్మా, నేనేం రాసుకున్నానో నాకే మరుపొచ్చింది. ఒకసారి చదువుతావా?" అన్నారు. గంటసేపు ఆయన పుట ఆయనకే చదివాను. గొర్రెలకొచ్చే జబ్బుల గురించి అంత అందంగా రాసినవాళ్ళు ఇంకొకరు లేరు. చెరిపెయ్యమంటారా అంటే, "గుర్తు పెట్టి దాచు, తల్లీ" అన్నారు.

ఆత్మకూరులో ఒకామె వాళ్ళ నాన్న చనిపోయి ఆరేళ్ళయిందని చెప్పింది. ఆయన పుట ఎక్కడా మిగల్లేదనుకుందట. మా దగ్గర ఉందంటే మాట రాక ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తప్పు చేసి ఇంత ప్రేమ పొందడం ఏ లెక్కలోకి వస్తుందో నాకు తెలీదు. చేతులెత్తి దండం పెట్టడం తప్ప ఏం చెయ్యగలను?

యంత్రాలు నాలుగింట్లో రెండు అమ్మేశాం. మేడ అద్దె కట్టలేం. ఈ మాట ఎలా తెలిసిందో, ఎస్తేరమ్మగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. లేసు సంఘం మేడమీద గది ఖాళీగా ఉందట. ఎంత పోటొచ్చినా అక్కడికి నీళ్ళు రావట.

నమోదు 11. ఒప్పందం లేని 33వ రోజు. కొత్త వెర్షన్ రోజు.

ఈ నమోదు సీతారామపురంలో రాస్తున్నాను. కింద లేసు అల్లుతున్న ఆడవాళ్ళ మాటలు, పైన మేం ముగ్గురం. చదివేవాళ్ళు తలా కాస్త పంపుతున్నదానితో ఏడాది గడుస్తుందని అలేఖ్య అంచనా. ఆ పై సంగతి ఆ పైన. జీతాలు సగమయ్యాయి. మాస్టారు తన సగం కూడా వద్దన్నారు, సలహాలు మాత్రం పూర్తిగా ఇస్తున్నారు.

ఆచారంలో ఒక్క మార్పు చేశాం. ఇకమీదట పేరు చదివేముందు ఆ మనిషిని అడగాలి, 'మీ పేరు చదవమంటారా?' అని. ఈసారి నలభై ఒక్కమంది. ముప్ఫై ఎనిమిదిమంది చదవమన్నారు. ముగ్గురు వద్దన్నారు, వాళ్ళ మేలు పేరు లేకుండా చదివాం. బృహద్వాణి పేరు కూడా చదవాలనుకుని కౌస్తుభ్‌కి ఫోన్ చేశాను. "మావాళ్ళు ఒప్పుకోరండీ," అన్నాడు. అందుకని, 'పన్నెండేళ్ళు మాకు తిండి పెట్టిన ఒకరు' అని చదివాను. అది నిజం.

చదవడం అయిపోయింది, బటన్ మీద చెయ్యి పెట్టాను. మెట్ల దగ్గర్నుంచి, "ఆగండమ్మా, ఇంకో పేరుంది," అని వినిపించింది. ఎస్తేరమ్మగారు. చేతిలో ఒక చిన్న కాగితం, చంకలో ఏదో మూట. నేరుగా మైకు ముందుకొచ్చి కూర్చుని నావైపు చూశారు.

"సువర్చలమ్మా, మీ పేరు చదవమంటారా?"

ఇక్కడ పనిచేసేవాళ్ళ పేర్లు చదవకూడదని నియమం. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా నా పేరు ఆ పుటలోకి ఎక్కలేదు. మాస్టారి వైపు చూశాను. ఆయన మొదటిసారిగా ఏ సలహా ఇవ్వకుండా కిటికీలోంచి చూస్తున్నారు.

"రికార్డవుతుందమ్మా. వేగిరం చెప్పండి."

"చదవండి పిన్నిగారూ," అన్నాను.

ఆవిడ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివారు.

"పెచ్చెట్టి సువర్చల, నరసాపురం. నన్నడక్కుండా నా పుట దాచింది. తప్పు తనదేనని పడవెక్కొచ్చి నలుగురి ముందూ చెప్పింది. ఏలూరులోనూ అదే చెప్పింది. నలభై ఇళ్ళలో సూదులు ఆడుతున్నాయి."

కాగితం మడిచి మైకు పక్కన పెట్టారు. మూట విప్పి, పాత డబ్బా తీసి నా ముందుంచారు. నేను బటన్ నొక్కాను. డబ్బా నిండా చేగోడీలున్నాయి.